క్యూబిస్టు స్టిల్ లైఫ్‌ను చదవడం ఎలా: బ్రాక్ వయొలిన్ నుంచి పికాసో పేము కుర్చీ వరకు

బల్లమీది గ్లాసు, సీసా, పండ్లు, గోడకు ఆనించిన వాయిద్యం వంటి కదలని వస్తువులను చూసి గీసే చిత్రాన్ని స్టిల్ లైఫ్ అంటారు. అదే వస్తువులను క్యూబిస్టు చిత్రకారుడు, అంటే వస్తువును ముక్కలుగా విడగొట్టి చూపే చిత్రకారుడు, గీసినప్పుడు, వాటి ముందు నిలబడిన వారిలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "ఇందులో వస్తువు ఎక్కడుంది?" అది సరైన ప్రశ్నే. అయితే ముక్కలన్నిటినీ మనసులో తిరిగి అతికించి పూర్తి వయొలిన్‌నో సీసానో తయారు చేసుకోవడమే దానికి జవాబు అనుకుంటే దారి తప్పుతాం. చిత్రకారుడు వస్తువును దాచిపెట్టలేదు. దానిని గుర్తుపట్టడానికి చాలినన్ని ఆనవాళ్ళు మాత్రం ఉంచి, మిగిలినదంతా చుట్టూ ఉన్న చోటుతో కలిపేశాడు. కాబట్టి ఏ ఆనవాలు ఉంచాడు, ఏ అంచును తెరిచి వదిలాడు, దేనిని మాత్రం నిజమనిపించేలా గీశాడు అని వరుసగా అడుగుతూ వెళ్ళడమే ఈ చిత్రాలను చదివే పద్ధతి. ఆ పద్ధతిని ఇక్కడ ముఖ్యంగా రెండు చిత్రాల మీద చూపిస్తున్నాను. ఒకటి జార్జ్ బ్రాక్ 1909లో గీసిన "వయొలిన్, పాలెట్", రెండవది పాబ్లో పికాసో 1912లో చేసిన "పేము కుర్చీతో స్టిల్ లైఫ్". మొదటిది న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలోనూ, రెండవది పారిస్‌లోని పికాసో మ్యూజియంలోనూ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వీటి ఫోటోలు తేలికగా దొరుకుతాయి. చదివేటప్పుడు వాటిని పక్కన తెరిచి పెట్టుకోండి. ఫోను కంటే పెద్ద తెర అయితే మేలు.

మొదటి మెట్టు: సంవత్సరం చూడండి

సాధారణంగా చిత్రం కింద రాసి ఉండే సంవత్సరాన్ని మనం పట్టించుకోము. క్యూబిజం విషయంలో మాత్రం ఆ అంకె చాలా పని చేస్తుంది, ఎందుకంటే కొద్ది సంవత్సరాల్లోనే ఈ చిత్రాల తీరు పూర్తిగా మారిపోయింది. 1906లో మరణించిన పాల్ సెజాన్ చిత్రాలను మరుసటి ఏడాది పారిస్‌లో పెద్ద ఎత్తున ప్రదర్శించారు. ఆయన బల్లమీది పండ్లను గీసిన తీరు యువ చిత్రకారులను కదిలించింది. 1908 వేసవిలో బ్రాక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్తాక్‌లో ఇళ్ళనూ చెట్లనూ గీశాడు. ఆ ఏడాది నవంబరులో కాన్‌వైలర్ గ్యాలరీలో జరిగిన ఆయన ప్రదర్శన గురించి రాస్తూ, విమర్శకుడు లూయీ వోసెల్ ఈ చిత్రకారుడు అన్నిటినీ ఘనాలుగా, అంటే క్యూబులుగా, కుదించేశాడని అన్నాడు. క్యూబిజం అన్న పేరుకు మూలం ఆ మాటే. అక్కడి నుంచి 1911 దాకా బ్రాక్, పికాసో ఇద్దరూ వస్తువును విడగొట్టుకుంటూ పోయారు. 1912లో కాగితాలు, గుడ్డలు అతికించడం మొదలుపెట్టి, ముక్కల నుంచి వస్తువును కట్టడం వైపు మళ్ళారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి బ్రాక్ సైన్యంలో చేరడంతో వారిద్దరూ కలసి పనిచేసే రోజులు ముగిశాయి. కనుక 1909 అని ఉంటే అంచులు ఎక్కడ కరిగాయో వెతకండి. 1912 తరువాతది అయితే ఏది గీసినది, ఏది అతికించినది అని ముందుగా చూడండి.

ఇంకో చిన్న విషయం. ఆ సంవత్సరాల్లో బ్రాక్, పికాసో చాలా చిత్రాలకు ముందు వైపున సంతకం చేయలేదు, వెనుక వైపున చేశారు. ఎవరు గీశారన్నది కాక, ఏమి గీశారన్నది ముందుకు రావాలని వారి ఉద్దేశం. సంతకం కనబడకపోతే అది మీ ఫోటోలో లోపం కాదు.

రెండవ మెట్టు: పేరు చదవకుండా కాసేపు చూడండి

"వయొలిన్, పాలెట్" ఫోటో తెరవండి. కింద ఉన్న పేరును చేతితో మూయండి. కనీసం ఐదు నిమిషాలు దేనినీ గుర్తుపట్టాలన్న తొందర లేకుండా, మీ కన్ను ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో మాత్రమే గమనించండి. తరువాత కళ్ళు సగం మూసి చూడండి. చిన్న వివరాలు పోయి, ముదురు, లేత భాగాలు మాత్రమే మిగులుతాయి. ఈ చిత్రం ఎత్తు సుమారు 92 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 43 సెంటీమీటర్లు, అంటే వెడల్పు కంటే ఎత్తు రెట్టింపును మించింది. బల్లమీద వస్తువులను పరిచి చూపే సంప్రదాయ స్టిల్ లైఫ్ ఎక్కువగా అడ్డంగా ఉంటుంది. ఇది నిలువుగా ఉంది. అందువల్ల చూపు పక్కలకు పోకుండా కింది నుంచి పైకి ఎక్కుతుంది. వస్తువులు ఒకదాని వెనుక ఒకటి దూరంగా ఉన్నట్టు కాకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టినట్టు అనిపిస్తాయి. ఈ ఒక్క గమనికతోనే సగం పని అయినట్టు, ఎందుకంటే లోతును మూసి అంతా కాన్వాసు ఉపరితలానికి దగ్గరగా తీసుకురావడం ఈ చిత్రాల అసలు పట్టుదల.

మూడవ మెట్టు: ఆనవాళ్ళను ఏరుకోండి

ఇప్పుడు పేరు చూసి, గుర్తుపట్టగలిగిన వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. కింది భాగంలో వయొలిన్ ఉంది. మధ్యలో స్వరాలు రాసిన కాగితాలు ఉన్నాయి. పైన చిత్రకారుడు రంగులు కలుపుకునే పాలెట్ వేలాడుతున్నది. కుడివైపు ఆకుపచ్చ తెర ఉంది. వయొలిన్ మనకు కొత్త వాయిద్యం కాదు. కచేరీలో విద్వాంసుడు కింద కూర్చుని, దాని కొసను పాదానికి ఆనించుకుని వాయించడం చూస్తూ పెరిగిన వారికి దాని అవయవాలు తెలుసు: నడుము దగ్గర లోపలికి నొక్కుకున్న ఒంపు, ఎఫ్ అక్షరం లాంటి రెండు రంధ్రాలు, నాలుగు తీగలు, వాటిని ఎత్తి పట్టే బ్రిడ్జి, మెడ, బిరడలు, చివర చుట్టుకున్న కొస. బ్రాక్ వీటిలో వేటిని ఉంచాడో, వేటిని ఎలా కదిపాడో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఎఫ్ రంధ్రాలు ఉన్నాయి, కాని నిజమైన వాయిద్యంలో మాదిరిగా ఒకదానికొకటి సరిజోడుగా లేవు. తీగలు ఉన్నాయి, అవి ఒకే సూటి గీతగా సాగవు. ఒంపు ఉంది, ఒక చోట నిండుగా తిరిగి మరొక చోట కోణంగా విరుగుతుంది.

ఇక్కడ కాస్త ఆగండి. మిగిలినదంతా తీసేసి ఎఫ్ రంధ్రం ఒక్కటి ఉంచినా మనం "వయొలిన్" అనేస్తాం. గ్లాసును దాని గుండ్రని అంచుతో, సీసాను దాని మెడతో, పత్రికను దాని పెద్ద అక్షరాలతో గుర్తుపడతాం. ఏ వస్తువును ఏ ఆనవాలు నిలబెడుతుందో ఈ చిత్రకారులకు బాగా తెలుసు, దానినే పదే పదే వాడుకున్నారు. వాయిద్యాలను అంతగా గీయడానికి కారణం కూడా ఉంది: బ్రాక్‌కు సంగీతం అంటే ఇష్టం, ఆయన స్టూడియోలో వాయిద్యాలు ఉండేవి, పైగా చేయి తగిలితేనే పలికే వస్తువు అది. కంటికి కనబడేదానితో పాటు చేతికి తగిలేదానిని కూడా గీయాలనుకున్న వాడికి అంతకంటే తగిన వస్తువు ఏముంటుంది?

నాలుగవ మెట్టు: ఇంట్లో చెంబును గీసి చూడండి

చదవడంతో ఆగకుండా చేతితో చేయవలసిన మెట్టు ఇది. బొమ్మలు గీయడం రాకపోయినా ఫరవాలేదు. ఒక ఇత్తడి చెంబును బల్లమీద పెట్టండి. దాని ఎదురుగా, కన్ను చెంబు ఎత్తులో ఉండేలా కూర్చుని, పక్క నుంచి కనబడే ఉబ్బెత్తు పొట్టను గీయండి. మూతి అప్పుడు ఒక గీతలా ఉంటుంది. తరువాత లేచి పై నుంచి చూసి, అదే కాగితం మీద, అదే బొమ్మకు మూతిని పూర్తి వలయంగా గీయండి. మూడవసారి కళ్ళు మూసుకుని చెంబును చేతుల్లోకి తీసుకుని, మెడ దగ్గర వేళ్ళు ఎలా ఇమిడాయో తెలుసుకుని, ఆ నొక్కును గీయండి. కాగితం మీద ఇప్పుడు ఉన్నది ఏ ఒక్క చోటి నుంచీ కనబడని చెంబు. కాని మీకు తెలిసిన చెంబు అదే.

క్యూబిజం అంటే "వస్తువును అన్ని వైపుల నుంచీ ఒకేసారి చూపడం" అన్న మాట అందరికీ వచ్చు, ఈ అభ్యాసం ఆ మాటను చేతికి తెలిసేలా చేస్తుంది. అయితే ఆ మాటతోనే ఆగిపోవద్దని గట్టిగా చెబుతాను. మీరు గీసిన చెంబు చుట్టూ కాగితం ఖాళీగా ఉంది, చెంబు అంచు మూసి ఉంది. బ్రాక్ చిత్రంలో చుట్టూ ఖాళీ లేదు, అంచులు మూసి లేవు. చూపుల కోణాలు ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ పోతే అసలు సంగతి చేజారుతుంది. వయొలిన్‌కూ దాని చుట్టూ ఉన్న గాలికీ మధ్య గోడ తీసేయడమే ఆ సంగతి. వస్తువును ముక్కలు చేయడం దానికి వీలైనంత దగ్గరగా వెళ్ళడానికేనని బ్రాక్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఐదవ మెట్టు: ఒక అంచు వెంట వేలితో నడవండి

తెర మీద వయొలిన్ ఒంపు దగ్గర వేలు పెట్టి నెమ్మదిగా జరపండి. ముదురు గీత ఉన్నంతసేపు మీ వేలు వాయిద్యం అంచు మీదే ఉంటుంది. ఎక్కడో ఒక చోట ఆ గీత ఆగిపోయి, చెక్క రంగు పక్కనున్న బూడిద రంగులోకి కరిగిపోతుంది. వేలు ఎప్పుడు వయొలిన్ దాటి బయటికి వచ్చిందో చెప్పలేరు. ఆ చోటిని గుర్తుపెట్టుకోండి. ఇలా అంచు తెరిచి ఒక తలాన్ని, అంటే ఒక చదునైన ముక్కను, పక్క తలంలోకి జారనిచ్చే పద్ధతిని కళా విమర్శకులు "పాసాజ్" అంటారు. సెజాన్ నుంచి వీరు నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే. ఒక తెరిచిన అంచు దొరికితే మిగిలినవి వాటంతట అవే కనబడతాయి. స్వరాలు రాసిన కాగితాల దగ్గర కూడా ఇలాగే చేయండి. కాగితం మడత ఏది, దాని వెనుక గోడ ఏది అన్న తేడా అక్కడ మరీ పల్చన.

ఆరవ మెట్టు: మేకును చూడండి

ఇప్పుడు చిత్రం పై కొసకు వెళ్ళండి. పాలెట్‌కు బొటనవేలు దూర్చే రంధ్రం ఉంటుంది కదా, దాని దగ్గర ఒక మేకు ఉంది. ఆ మేకును బ్రాక్ పాత పద్ధతిలో, నిజంగా గోడలోకి దిగినట్టు, నీడతో సహా గీశాడు. కింద వయొలిన్ పగిలిన అద్దంలో మాదిరిగా ముక్కలై ఉంటే, పైన ఒక చిన్న మేకు మాత్రం చేయి చాపితే అందేటట్టు ఉంది. అదే కాలంలో ఆయన గీసిన "వయొలిన్, కూజా" చిత్రంలోనూ ఇటువంటి మేకే కనబడుతుంది. అది స్విట్జర్లాండ్‌లోని బాజెల్ మ్యూజియంలో ఉంది. కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదు.

దీనిని ఎలా అర్థం చేసుకోవాలి? నాకు అన్నిటికంటే బలంగా తోచే వివరణ ఇది. ఐరోపా చిత్రకళ నాలుగైదు వందల ఏళ్ళుగా నమ్ముకున్న భ్రమ, అంటే సమతలం మీద లోతునూ నీడనూ చూపి నిజమనిపించడం, బ్రాక్ చేతకాక మానలేదని ఆ మేకు చెబుతున్నది. బ్రాక్ తండ్రి ఇళ్ళకు రంగులు వేసి అలంకరించే పని చేసేవాడు. బ్రాక్ కూడా ఆ పనిలోనే శిక్షణ పొందాడు. నునుపైన గోడను చెక్కలా, పాలరాయిలా కనిపించేలా చేయడం అతని చేతికి వచ్చిన విద్య. అలాంటి చేయి వయొలిన్‌ను విడగొట్టిందంటే తెలిసే విడగొట్టింది. పైగా రెండు భాషలు ఒకే కాన్వాసు మీద ఎదురెదురుగా నిలిచినప్పుడు, నీడతో ఉన్న మేకు కూడా ఒక పద్ధతేనని, అదీ రంగు పూసిన గుడ్డ మీద చేసిన ఏర్పాటేనని మనకు తడుతుంది. వయొలిన్ పక్కన ఉన్నందుకే మేకు అబద్ధమని తెలుస్తుంది. మేకు పక్కన ఉన్నందుకే వయొలిన్ మరో రకం నిజమని తెలుస్తుంది.

ప్రతి క్యూబిస్టు స్టిల్ లైఫ్‌లోనూ మేకు ఉండదు. కాని మిగిలిన వాటికి భిన్నంగా నమ్మకంగా గీసినది ఏదో ఒకటి తరచుగా ఉంటుంది. దాని కోసం వెతకండి.

ఏడవ మెట్టు: రంగు, వెలుతురు

ఇది త్వరగా అయ్యే పని. 1909 నుంచి 1911 దాకా ఈ చిత్రాలు ఎక్కువగా గోధుమ, బూడిద, మట్టి రంగుల్లో ఉంటాయి. ఎరుపో నీలమో గాఢంగా ఉంటే కన్ను దానికే అతుక్కుని, తలాలు ఒకదానిలోకి ఒకటి జారే తీరును చూడదు. అందుకే రంగును తగ్గించారు. వెలుతురును చూసేటప్పుడు ఏ వైపు నుంచి పడుతున్నదని అడగండి. సంప్రదాయ చిత్రంలో ఒక కిటికీ దారి చూపుతుంది. ఇక్కడ ఒక్కో ముక్కకు ఒక్కో పక్క చీకటి, మరొక పక్క వెలుగు ఉంటాయి. కిటికీ ఎక్కడుందో చెప్పలేం.

ఎనిమిదవ మెట్టు: అక్షరాలనూ అతికింపులనూ విడిగా చూడండి

ఇక పికాసో చిత్రానికి రండి. "పేము కుర్చీతో స్టిల్ లైఫ్" చాలా చిన్నది, సుమారు 29 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టూ ఫ్రేముకు బదులు నిజమైన తాడు చుట్టి ఉంది. కింది భాగంలో పేము అల్లిక కనబడుతుంది. పైన జె, ఓ, యు అన్న మూడు పెద్ద అక్షరాలు, పొగపైపు, గ్లాసు, చాకు, నిమ్మకాయ ముక్క, ఆల్చిప్ప ఉన్నాయి. పారిస్ కాఫీ హోటల్ బల్లమీద పొద్దున పూట కనబడే సామగ్రి అనుకోవచ్చు.

పేము అల్లికను పెద్దది చేసి చూడండి. అది నిజమైన పేము కాదు, పికాసో చేతితో గీసినదీ కాదు. పేము అల్లిక డిజైను అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అది. మన ఇళ్ళలో బల్లలమీద పరిచే పూల డిజైను గుడ్డ లాంటిదే. దానిని కత్తిరించి అతికించాడు. ఇప్పుడు లెక్క వేయండి: ఈ చిత్రంలో అన్నిటికంటే నిజమనిపించేది ఒక యంత్రం అచ్చు వేసిన నకిలీ. చేతితో గీసిన గ్లాసు నిజమనిపించదు, కాని గ్లాసు గురించి ఎక్కువ చెబుతుంది. తాడు నిజంగా తాడే, అయితే అది చేస్తున్నది ఫ్రేము పని. బల్ల అంచు పని కూడా కావచ్చు. బ్రాక్ మేకుతో అడిగిన ప్రశ్ననే పికాసో అంగడిలో దొరికే సరుకుతో అడిగాడు.

అక్షరాల సంగతి వేరు. వాటికి లోతు ఉండదు, అవి ఎప్పుడూ కాగితం మీద ఉన్నట్టే ఉంటాయి. అందుకే తలాలన్నీ కదిలిపోతున్న చిత్రంలో అవి ఉపరితలం ఇక్కడుందని చెప్పే గుర్తులుగా పనికొస్తాయి. వాటికి అర్థమూ ఉంది. ఫ్రెంచిలో "జుర్నాల్" అంటే దినపత్రిక. ఆ మాట మొదటి అక్షరాలు ఇవి. "జువే" అంటే ఆడుకోవడం. దాని మొదటి అక్షరాలూ ఇవే. బల్లమీద మడిచిన పత్రిక అనీ, ఇదంతా ఒక ఆట అనీ ఒకే ముక్క రెండు మాటలు పలుకుతున్నది. ఫ్రెంచి రానివారు ఇలాంటి తునకలు కనబడినప్పుడు నిఘంటువు తెరిచి, ఆ అక్షరాలతో మొదలయ్యే మామూలు మాటలు, అంటే పత్రిక, మద్యం, కాఫీ హోటల్ బోర్డులకు సంబంధించినవి, వెతికితే చాలావరకు దారి దొరుకుతుంది.

అదే ఏడాది సెప్టెంబరులో బ్రాక్ చెక్కలా కనిపించే గోడ కాగితాన్ని అవిన్యోన్‌లోని ఒక దుకాణంలో కొని, బొగ్గుతో గీసిన బొమ్మలో అతికించి "పండ్ల పళ్ళెం, గ్లాసు" చేశాడు. దానిలో కాగితం ముక్క ఎక్కడ బల్ల సొరుగు అవుతున్నదో, ఎక్కడ వెనుక గోడ అవుతున్నదో విడదీసి చూడడం ఈ మెట్టుకు మంచి సాధన.

తొమ్మిదవ మెట్టు: అర్థం చెప్పేటప్పుడు హద్దు గీసుకోండి

ఇక్కడికి వచ్చేసరికి ఉత్సాహం ఎక్కువై, ప్రతి ముక్కకూ గూఢార్థం చెప్పాలనిపిస్తుంది. మీ గమనికలను మూడు వరుసలుగా రాయండి: కంటికి కనబడేది, కనబడేదాని నుంచి న్యాయంగా ఊహించగలిగేది, చరిత్ర తెలిస్తే తప్ప చెప్పలేనిది. ఉదాహరణకు 1912 చివరలో పికాసో చేసిన "గ్లాసు, సూజ్ సీసా" (సూజ్ ఒక ఫ్రెంచి మద్యం) అన్న అతికింపు చిత్రంలో నిజమైన పత్రికా ముక్కలు ఉన్నాయి. అవి 1912 నవంబరు 18 నాటి "లె జుర్నాల్" పత్రికవని, వాటిలో బాల్కన్ యుద్ధ వార్తలున్నాయని గుర్తించారు. అది మూడవ వరుసకు చెందిన విషయం. ఆ వార్తలను పికాసో చదివించడానికే పెట్టాడని కొందరు పరిశోధకులు వాదిస్తే, అక్షరాలను అతడు నీడగా, బూడిద రంగుగా మాత్రమే వాడుకున్నాడని మరికొందరు అంటారు. కొన్ని ముక్కలను తలకిందులుగా అతికించాడన్న సంగతిని ఇద్దరూ లెక్కలోకి తీసుకోవాలి. నా మటుకు నేను, కాఫీ హోటల్‌లో కూర్చున్న మనిషికి సీసా ఎంత దగ్గరో యుద్ధ వార్తా అంతే దగ్గరన్న వరకు ధైర్యంగా చెబుతాను. అంతకు మించి పోను.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చదివి ఈ చిత్రాలు గీశారన్న మాట తరచుగా వినబడుతుంది. దానికి ఆధారం లేదు, మీ రాతలో వాడకండి.

దాగిన బొమ్మ నిజంగానే ఉండే సందర్భాలూ ఉన్నాయి. మరో క్యూబిస్టు చిత్రకారుడు హువాన్ గ్రీస్ 1915లో గీసిన "గళ్ళ గుడ్డ పరిచిన బల్లమీది స్టిల్ లైఫ్" న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. బల్లమీద ద్రాక్ష, సీసాలు, పత్రిక, గిటారు, కాఫీ కప్పు ఉన్నాయి. కాస్త వెనక్కి జరిగి చూస్తే అవన్నీ కలసి ఎద్దు తల అవుతాయి. కాఫీ కప్పు ముట్టె, గిటారు అంచులు కొమ్ములు. గ్రీస్ మాడ్రిడ్‌లో పుట్టిన స్పెయిన్ దేశస్థుడు కాబట్టి ఎద్దు అక్కడికి ఊరికే రాలేదు. ఈ వ్యాఖ్యానాన్ని ఒప్పుకోవచ్చు, ఎందుకంటే ఒక్క ముక్క మీద కాక చాలా ముక్కలు ఒకేచోట కుదరడం మీద అది నిలబడింది. మీకు తోచిన గూఢార్థాన్నీ ఇదే రాయి మీద గీటు పెట్టి చూసుకోండి.

పదవ మెట్టు: ఒక పేరా రాయండి

చివరగా, చూసినదానిని ఐదారు వాక్యాల్లో రాయండి. "ఈ చిత్రం ఆధునిక జీవిత సంక్లిష్టతను చూపుతుంది" వంటి వాక్యం ఏ చిత్రానికైనా సరిపోతుంది, కనుక రాయకండి. ఇలా రాయవచ్చు: "బ్రాక్ వయొలిన్‌ను ఎఫ్ రంధ్రాలతో, తీగలతో గుర్తుపట్టనిస్తాడు. కాని ఆ రంధ్రాలను సరిజోడుగా ఉంచడు, ఒంపును మధ్యలో తెరిచి నేపథ్యంలో కలుపుతాడు. స్వర కాగితాల దగ్గరికి వచ్చేసరికి కాగితానికీ గోడకూ తేడా చెప్పలేం. అన్నిటికంటే పైన, నీడతో ఉన్న మేకు ఒక్కటే పాత పద్ధతిలో గీసి ఉంది. దానికి వేలాడేది పాలెట్, అంటే చిత్రకారుడి సొంత పనిముట్టు." ప్రతి వాక్యానికీ చిత్రంలో వేలు పెట్టి చూపగల చోటు ఉండాలి, లేని వాక్యాన్ని కొట్టేయండి. రాసిన కాగితాన్ని ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు ఫోటోను మళ్ళీ తెరిచి, నిన్న మీ వేలు దాటిన అంచు ఈసారీ అక్కడే కరుగుతున్నదో లేదో చూసి, అవసరమైతే పేరాను దిద్దండి.